పర్మిషన్లు పెరిగితే బతుకులు పెరిగినట్టేనా?

నెల తిరిగేసరికి ఒక లెక్క బయటికొస్తది. ఇండ్ల పర్మిషన్లు ఇన్ని శాతం పెరిగినయి అంటరు. పెరిగిన నెల సర్కార్ల ఉన్నోళ్లు మీసం మెలేస్తరు. తగ్గిన నెల ప్రతిపక్షం డప్పు కొడ్తది. మళ్ల ఎన్నికలైతే పాత్రలు మారుతయి, డైలాగులు మాత్రం అవే. నడుమ ఈ లెక్క దేన్ని కొలుస్తదో, దేన్ని కొలువదో, ఎవల కడుపు ముచ్చట ఇందుల లేనే లేదో అడిగేటోడు కనబడడు. అడుగుదాం.

నగరంల ఏ లేబర్ అడ్డా మీదనైనా పొద్దున ఏడు గంటలకు నిలబడి చూడండి. టిఫిన్ డబ్బా చేతిల పట్టుకొని మేస్త్రీ కోసం ఎదురుచూసే మనుషులు ఉంటరు. పాలమూరోళ్లు ఉంటరు, ఉత్తరాంధ్రోళ్లు ఉంటరు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినోళ్లు ఉంటరు. పది గంటలకు మళ్ల అక్కడికే పోండి. ఇంకా నిలబడ్డోళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. నిర్మాణ రంగం ఎట్లున్నదో తెలుసుకోవడానికి అంతకంటే నిఖార్సైన సూచిక నాకైతే కనబడలేదు. కానీ దాన్ని ఏ ఆఫీసూ నమోదు చేయదు. నమోదయ్యేది మాత్రం ఫైలు మీద పడ్డ సంతకం.

ముందుగాల న్యాయంగ ఒక మాట ఒప్పుకోవాలె. పర్మిషన్ల లెక్క పనికిమాలినది కాదు. గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు పుస్తకంల 'ముందస్తు సూచికలు' అనే పాఠం చదివే ఉంటరు. అమెరికాల సెన్సస్ బ్యూరో ప్రతి నెలా ఈ లెక్క తీస్తది. అక్కడ ఇంటి పర్మిషన్లు ఇచ్చే ఊర్లు, కౌంటీలు సుమారు 20 వేలు. వాటి నుంచి వచ్చే సంఖ్యలను కూడి, నెల నెలా ప్రకటిస్తది. కాన్ఫరెన్స్ బోర్డ్ అనే సంస్థ తయారుచేసే ముందస్తు సూచికల పట్టికల పది అంశాలుంటే, అందుల కొత్త ఇండ్ల పర్మిషన్ ఒకటి. ఎందుకు పెట్టిన్రు? ఇల్లు కట్టాలంటే ముందు కాగితం కావాలె. కాగితం కోసం ఫీజు కట్టాలె, నక్షా గీయించాలె, బ్యాంకును ఒప్పించాలె. ఊకె ఎవరూ ఇన్ని పైసలు పెట్టరు. అంటే రేపు సిమెంటు, స్టీలు, కూలి, ఆ తర్వాత ఫ్యాను, మంచం, కర్టెన్లు కొనే ఆలోచన ఉన్నదన్నట్టు. తర్కం బాగనే ఉన్నది.

ఎడ్వర్డ్ లీమర్ అనే ఆర్థికవేత్త 2007ల అమెరికా ఫెడరల్ రిజర్వ్ పెద్దలంతా కూడే జాక్సన్ హోల్ సభల ఒక పత్రం చదివిండు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశంల వచ్చిన పది మాంద్యాలల్ల ఎనిమిదింటికి ముందు ఇండ్ల నిర్మాణమే దెబ్బతిన్నదని అండ్ల చూపిచ్చిండు. చూపిచ్చినట్టే ఆ ఏడాది చివరికి అయింది. 2005ల అక్కడ 21 లక్షల 55 వేల ఇండ్లకు పర్మిషన్లు వచ్చినయి. 2006ల అది 18 లక్షల 39 వేలకు, 2007ల 14 లక్షల లోపుకు దిగింది. మాంద్యం మొదలైంది 2007 డిసెంబర్‌ల. అంటే రెండేండ్ల ముందు నుంచే గంట కొట్టుకుంటనే ఉన్నది. 2009కి వచ్చేసరికి ఆ సంఖ్య 5 లక్షల 83 వేలు. నాలుగింట మూడు వంతులు మాయం. ఆ ఏడాది అక్టోబర్‌ల అక్కడి నిరుద్యోగం 10 శాతానికి ఎక్కింది.

ఇక్కడనే జర ఆగాలె. 2005ల పర్మిషన్లు ఆకాశంల ఉన్నప్పుడు అక్కడి పేపర్లు, టీవీలు ఏమన్నయి? దేశం వెలిగిపోతున్నదన్నయి. ఆ పర్మిషన్ల ఎనక ఉన్నదేంది? జీతం లేనోనికి, ఆస్తి లేనోనికి మాయమాటలు చెప్పి అంటగట్టిన అప్పులు. అంటే చప్పట్లు కొట్టిన ఆ సంఖ్యే రోగం. ఆరోగ్యం అనుకున్నది జ్వరం. థర్మామీటర్ మీద పాదరసం ఎగబాకుతుంటే సంబురం చేసుకునే ఇల్లు ఏదైనా ఉంటదా? ఈ లెక్కను చదివే తీరు మాత్రం అట్లనే ఉన్నది.

ఇంకో సంగతి. గంట కొట్టినప్పుడల్లా దొంగ రాలేదు, దొంగ వచ్చినప్పుడల్లా గంట కొట్టలేదు. 1966ల అమెరికాల ఇండ్ల నిర్మాణం కుప్పగూలింది. అప్పులు దొరకక పర్మిషన్లు పడిపోయినయి. మాంద్యం మాత్రం రాలేదు. వియత్నాం యుద్ధం మీద పెట్టిన ఖర్చు ఆర్థిక వ్యవస్థను నిలబెట్టింది. అక్కడ మనుషులు చచ్చిన్రు, ఇక్కడ సూచిక తప్పింది. 2001ల ఎదురు కథ. ఇంటర్నెట్ కంపెనీలు బుడగలెక్క పేలినయి, మాంద్యం వచ్చింది, ఇండ్ల పర్మిషన్లు మాత్రం పెద్దగ చలించలేదు. ఆ ఏడాది ఉద్యోగం పోగొట్టుకొని అమెరికా నుంచి తిరిగొచ్చిన మన సాఫ్ట్‌వేర్ పిలగాండ్లను అడిగితే చెప్తరు, ఆ లెక్క ఎంత గుడ్డిదో. 2022ల వడ్డీలు పెంచినంక పర్మిషన్లు ఏడాది లోపు 18 లక్షల స్థాయి నుంచి 14 లక్షల దగ్గరకు జారినయి. మాంద్యం ఇగ వచ్చె అగ వచ్చె అని ఆర్థిక పండితులు రెండేండ్లు జోస్యం చెప్పిన్రు. రాలేదు. ఎందుకంటే అంతకుముందు పర్మిషన్ తీసుకున్న ఇండ్లు సుమారు 17 లక్షలు ఇంకా కడుతనే ఉన్నరు. కొత్త కాగితాలు తగ్గినా పాత గోడలు లేస్తనే ఉన్నయి, కూలి నడుస్తనే ఉన్నది. కాగితానికి, ఇటుకకు నడుమ ఎంత దూరమో చూడండి.

ఒక్క నెల రోగం

సరే, ఏండ్ల లెక్క ఎంతో కొంత చెప్తదనుకుందాం. ఒక్క నెల మార్పు చెప్పేది ఎంత? దాదాపు ఏమీ లేదు. ఇది నా మాట కాదు, లెక్క తీసే సెన్సస్ బ్యూరోనే చెప్తున్నది. పర్మిషన్లు ఎటు పోతున్నయో తేలాలంటే మూడు నెలలు పట్టొచ్చని ప్రకటన కిందనే రాస్తది. పునాది పడ్డ ఇండ్ల లెక్కకైతే అంతకంటే ఎక్కువ నెలలు కావాలె. ఆ పునాదుల లెక్కల శాతం పక్కన ఒక్కోసారి చిన్న నక్షత్రం గుర్తు ఉంటది. దాని అర్థం: ఈ పెరుగుదల నిజంగ సున్నా కాదని చెప్పేంత సాక్ష్యం మా దగ్గర లేదు. సర్వే చేసినోడే నిజాయితీగ నక్షత్రం పెడ్తే, వార్త రాసెటోడు నక్షత్రాన్ని కోసి పారేసి శాతాన్ని మాత్రం హెడ్డింగ్‌ల పెడ్తడు.

శాతాల గారడీ కూడ తెలుసుకోవాలె. నూరు నుంచి ఎనభైకి పడితే 20 శాతం తగ్గుదల. మళ్ల ఎనభై నుంచి నూరుకొస్తే 25 శాతం పెరుగుదల. ఉన్నకాడికే వచ్చినం, కానీ కాగితం మీద ఐదు శాతం లాభం! ఇంకోటి, అమెరికా నెలవారీ సంఖ్యను పన్నెండుతో గుణించి ఏడాది రేటుగ చెప్తరు. ఒక నెల లక్షా 20 వేల ఇండ్లయితే దాన్ని 14 లక్షల 40 వేలు అని రాస్తరు. ఐదు శాతం పెరిగితే ఆ నెల అదనంగ వచ్చినవి ఆరు వేల ఇండ్లు. హెడ్డింగ్‌ల మాత్రం 72 వేలు పెరిగినట్టు కనబడ్తది. అబద్ధం ఏమీ లేదు. చూసెటోని కండ్లకు గంతలు కట్టినట్టు మాత్రం ఉన్నది.

2015ల జరిగిన ముచ్చట చెప్తె నవ్వొస్తది. ఆ ఏడాది జూన్‌ల అమెరికా పర్మిషన్లు ఏడాది రేటు లెక్కన 13 లక్షలు దాటినయి. 2007 తర్వాత అంత ఎత్తు చూడలేదు. నిర్మాణ రంగం కోలుకున్నదని లొల్లి లొల్లి. మళ్ల నెల జూలైల దాదాపు 16 శాతం ఢమాల్. ఏమైందని చూస్తే, న్యూయార్క్ నగరంల బిల్డర్లకు ఉన్న ఒక ఆస్తిపన్ను రాయితీ మారబోతున్నది. గడువు దాటకముందే కాగితాలు చేతిల పెట్టుకోవాలని అందరూ ఎగబడ్డరు. ఒక్క నగరంల ఒక్క పన్ను గడువు ఒక దేశం మొత్తం సూచికను ఎగరేసి కింద పడేసింది. దాని మీద వ్యాసాలు రాసిన పండితులు మాత్రం చెక్కుచెదరలేదు.

మన పట్నం ముచ్చట

అమెరికాల కనీసం సీజన్ ప్రకారం సవరించే పద్ధతన్న ఉన్నది. చలికాలంల మంచు కురిస్తే పర్మిషన్లు తగ్గుతయి, దాన్ని లెక్క గట్టి సరిచేస్తరు. మన దగ్గర? ఆషాఢంల ఎవడు శంకుస్థాపన చేస్తడు? మూఢం వస్తే ముగ్గు పోసెటోడు ఉంటడా? 2023ల అధిక శ్రావణం వచ్చింది. జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా ముహూర్తాలు బందు. మరుసటి ఏడాది అదే నెలల ముహూర్తాలు ఉంటయి. అప్పుడు 'గత ఏడాది ఇదే నెలతో పోలిస్తే' అని శాతం గడితే పెరిగినట్టు కనబడేది ఆర్థిక వ్యవస్థనా, పంచాంగమా? ఇంగ్లీషు క్యాలెండర్ నెలల మీద నడిచే ఏ సవరణకూ మన అధిక మాసం అందదు. దీనికి తోడు ఫీజులు పెరుగుతయని పుకారు లేస్తే చాలు, ఆ ముందు నెల ఫైళ్లు కట్టలు కట్టలుగ పడ్తయి. న్యూయార్క్‌ల జరిగిందే ఇక్కడ గల్లీ స్థాయిల జరుగుతది.

ఇంకా పెద్ద మాయ హద్దులది. 2007 ఏప్రిల్‌ల పాత మున్సిపల్ కార్పొరేషన్‌కు చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసిన్రు. నగరం విస్తీర్ణం రాత్రికి రాత్రి మూడింతలు దాటింది. 2025 చివర్ల మళ్ల చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపిన్రు. ఇట్ల హద్దు మారినప్పుడు పర్మిషన్ల సంఖ్య పెరగకపోతేనే ఆశ్చర్యం. పక్కింటోని బర్రెను మన కొట్టంల కట్టేసుకొని మన పాడి పెరిగిందన్నట్టు ఉంటది. అందుకే 'నగరంల పర్మిషన్లు' అనే మాట వినంగనే, ఏ నగరం, ఏ ఏడాది హద్దు అని అడగడం నేర్చుకోవాలె.

ఇగ అసలు సంగతికి వద్దాం. పర్మిషన్ అంటే ఎవల పర్మిషన్? 2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగల చిన్న ఇల్లు కట్టుకునెటోనికి పర్మిషన్ అక్కర్లేదన్నది. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌ల నమోదు చేసుకుంటే చాలు. మంచి పని, నేను తప్పు పట్టను. పేదోని ఇంటి చుట్టూ తిరిగే దళారీల పీడ కొంత పోయింది. కానీ లెక్కల మాట చూడండి. ఆ నమోదులను పర్మిషన్లల్ల కలిపితే సంఖ్య ఉబ్బుతది. కలపకపోతే పేదోని ఇల్లు లెక్కల నుంచే మాయమైతది. ఇంకో దిక్కు 2006 రూల్స్‌తో ఎకరాకు ఇంతే కట్టాలన్న ఎఫ్ఎస్ఐ హద్దు పోయింది. యాభై అంతస్తుల టవర్ ఒక్క ఫైలు. రెండు గదుల ఇల్లు కూడ ఒక్క ఫైలు. ఫైళ్లు లెక్కపెడితే రెండూ సమానం. చదరపు గజాలు లెక్కపెడితే టవర్ ముందు వెయ్యి ఇండ్లు కనబడయి. ఏ లెక్క చెప్తే ఎవలకు లాభమో ఆ లెక్కనే బయటికొస్తది.

ఉద్యోగులకు ఒక మాట. అమెరికాల పర్మిషన్ను ముందస్తు సూచిక అంటరు, ఎందుకంటే ఇల్లు అమ్ముడుపోయేది ఆ తర్వాత. మన దగ్గర పర్మిషన్ కంటే ముందే పైసలు వసూలైపోతయి. దానికి 'ప్రీలాంచ్' అని ముద్దుపేరు. రెరా చట్టం 2016లనే వచ్చింది. 500 చదరపు మీటర్ల జాగ గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టును రెరాల రిజిస్టర్ చేయకుండ బుకింగ్ తీసుకోవద్దని అండ్ల సాఫ్‌గ ఉన్నది. అయినా పీఎఫ్ లోన్ తీసి, భార్య పుస్తెలతాడు కుదువబెట్టి, బ్రోచర్ మీద బొమ్మ చూసి పైసలు కట్టిన క్లర్కులు, టీచర్లు, కండక్టర్లు నాకు తెలుసు. వాళ్ల సొమ్ము బిల్డర్ చేతికి చేరినంక రెండేండ్లకు పర్మిషన్ ఫైలు కదిలితే, ఆ నెల అది వృద్ధి కింద జమ. అసలు కదలకపోతే? ఏ లెక్కలా ఉండదు. మునిగినోని గోస సూచికల పట్టికల ఒక గడి కూడ నింపదు.

ఉద్యమం నాటి ఒక ముచ్చట కూడ గుర్తు చేయాలె. ఆనాడు హైదరాబాద్ రియల్ ఎస్టేట్ పడిపోయిందంటే మన ఉద్యమం వల్లనేనని లేచిన నోరల్లా మాట్లాడింది. తారీఖులు చూడండి. అమెరికాల లేమన్ బ్రదర్స్ కూలింది 2008 సెప్టెంబర్‌ల. సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది 2009 జనవరిల. తెలంగాణ ప్రకటన వచ్చింది 2009 డిసెంబర్‌ల. కొడుకు పుట్టకముందే కొడుకు చేసిన అప్పని లెక్క రాసిన్రు! అప్పుడు మనం ఎంత కోపానికొచ్చినం. న్యాయమే. మరి 2014 తర్వాత ఏం చేసినం? క్రేన్ల ఫొటోలు పెట్టి, పర్మిషన్ల శాతాలు పెట్టి, ఇదే మన పాలన అని ఏతులు కొట్టినం. సర్కార్లు మారినా ఆ అలవాటు మారలే. వాళ్ల లెక్క తప్పయితే అదే లెక్క మన చేతిలకు రాంగనే ఒప్పైతదా? పడిపోయినప్పుడు ప్రపంచ మార్కెట్ కారణం, పెరిగినప్పుడు నాయకుని చలవ అంటే, ఆనాడు మన మీద వేసిన నిందకు దీనికి తేడా ఏముంది? ఈ మాట మనోళ్లకు కొందరికి చేదుగ ఉంటది. ఉండనీయండి.

సెస్సు పైసలు ఎటు పోయినయి?

ఈ లెక్కల ఎవరూ చదవని ఇంకో వరుస ఉన్నది. 1996ల పార్లమెంటు ఒక చట్టం చేసింది. భవన నిర్మాణ ఖర్చుల ఒక శాతం సెస్సుగ వసూలు చేసి, కార్మికుల సంక్షేమానికి పెట్టాలె. ప్రమాదంల చచ్చిపోతే కుటుంబానికి, బిడ్డ పెండ్లికి, కాన్పుకు, పిల్లల చదువుకు. పర్మిషన్ ఫీజు కట్టేటప్పుడే ఈ సెస్సు కూడ కట్టించుకుంటరు. అంటే ప్రతి పర్మిషన్ ఎనక కూలోని వాటా పైసలున్నయి. 2018 మార్చిల సుప్రీంకోర్టు ఈ సంగతి మీద తీర్పు ఇస్తూ చెప్పిన సంఖ్యలు విన్నరా? దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్లకు పైనే. అప్పటిదాకా కార్మికుల కోసం ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. నాలుగోవంతు! మిగిలింది ఖాతాలల్ల ములుగుతుంటే, పరంజా మీది నుంచి జారిపడ్డ మనిషి భార్య కార్మికుని గుర్తింపు కార్డు రెన్యూవల్ కాలేదని ఆఫీసు చుట్టూ తిరుగుతది. పర్మిషన్లు ఐదు శాతం పెరిగినయంటే సెస్సు కూడ ఆ మేరకు పెరగాలె గదా. దాని శాతం ఏ పేపర్ల వచ్చింది? ఏ మంత్రి ట్వీట్‌ల వచ్చింది?

రిజర్వ్ బ్యాంక్‌కు కూడ ఈ కాగితం, ఇటుక తేడా తెలువక కాదు. దేశంల ఇండ్ల ప్రారంభ సూచిక ఎట్ల తయారుచేయాలో తేల్చడానికి ప్రొఫెసర్ అమితాబ్ కుందు అధ్యక్షతన పనిచేసిన సాంకేతిక బృందం 2009ల నివేదిక ఇచ్చింది. పర్మిషన్ వచ్చినయన్నీ మొదలైనట్టు కాదని, ఎన్ని నిజంగ మొదలైనయో వేరేగ కొలవాలనేది ఆ పని ఎనక ఉన్న ఆలోచనే. దారి తెలిసినా నడిచెటోడు లేడు.

అందుకే మనం అడగాల్సింది పర్మిషన్లు పెరిగినయా తగ్గినయా అని కాదు. ప్రతి నెలా ఒకే పట్టికల అన్నీ పెట్టమని అడగాలె. ఫైళ్లెన్ని, ఇండ్లెన్ని, చదరపు గజాలెన్ని. 75 గజాల లోపు నమోదులు వేరే, టవర్లు వేరే. పాత హద్దు ప్రకారం ఎంత, కొత్త హద్దు ప్రకారం ఎంత. పునాది పడ్డవెన్ని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అందినవెన్ని. మూడు నెలల సగటు పెట్టకుండ ఒక్క నెల శాతం ప్రకటించొద్దు. పంచాంగం చూసి అధిక మాసం, ఆషాఢం గుర్తు పెట్టండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వీటన్నిటికీ కంప్యూటర్ల సమాచారం ఉన్నది. దరఖాస్తు ఆన్‌లైన్, ఫీజు ఆన్‌లైన్, నక్షా ఆన్‌లైన్ అయినప్పుడు పట్టిక ఒక్కటే ఎందుకు బీరువాల ఉండాలె? యూనివర్సిటీల ఎకనామిక్స్ చదివే పిల్లలు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు. టౌన్ ప్లానింగ్‌ల పనిచేసే ఉద్యోగ మిత్రులు, ఏ ఫైలు ఎందుకు ఏ నెలల కదులుతదో మీకంటే ఎక్కువ తెలిసినోడు లేడు, మీ సంఘం సమావేశంల ఈ మాట పెట్టండి.

అన్నిటికంటే ముందు ఆ పట్టికల చివరి రెండు వరుసలు ఉండాలె. ఈ నెల పర్మిషన్ల మీద వసూలైన సెస్సు ఇంత, ఈ నెల కార్మికుల చేతికి చేరింది ఇంత. పోయిన నెల అడ్డా మీద ఒక నడీడు మేస్త్రీతోటి ఈ ముచ్చట చెప్పిన. పేపర్ల పర్మిషన్లు పెరిగినయని వచ్చింది గదా అన్న, పని దొరుకుతున్నదా అని అడిగిన. ఆయన బీడీ పారేసి, "అది మాకు తెల్వది సారూ, ఈ వారం మూడు రోజులే దొరికింది" అన్నడు.